కొండ ఇరవైకి జరిగింది

జూన్ 2

కొండ మళ్ళీ ఇరవైకి జరిగింది. సార్ వచ్చి కంప్యూటర్ తెర మీది గీత చూసి, "ఇంకేం, ఇక నీ పెళ్ళే" అన్నారు. నాకు పెళ్ళయి నాలుగేళ్ళు దాటిందని ఆయనకి గుర్తుండదు. థీసిస్ పూర్తవడాన్ని ఆయన పెళ్ళి అంటారు. ఆ లెక్కన నేను ఈ ల్యాబ్‌లో ముదురు పెళ్ళికూతుర్ని.

ఈ పుస్తకం నాకోసమే. ల్యాబ్‌లో సార్‌తో, ఇంట్లో అత్తయ్యతో, ఫోన్‌లో మా ఆయనతో మాట్లాడి మాట్లాడి నాతో నేను మాట్లాడుకునే వీలే లేకుండా పోయింది. ల్యాబ్ నేల కింద ఉంది. కిటికీ లేదు. బయటి వెలుతురు రాకుండా తలుపుకి లోపలి వైపు నల్ల తెర. పొద్దున్న మెట్లు దిగే ముందు ఆకాశం వైపు ఒకసారి చూసుకుంటాను. సాయంత్రం దాకా నాకు దొరికే ఆకాశం అంతే.

మా పేపరు పంపిన పరిశోధన పత్రిక వాళ్ళు ఇంకో శాంపిల్ మీద కూడా చేసి చూపించమన్నారు. అది చూపిస్తే పేపరు ఖాయం. పేపరు ఖాయమైతే థీసిస్ మీద సార్ సంతకం. సంతకమైతే నేను మా ఆయన దగ్గరికి. నీళ్ళ పంపుల ఇంజనీరు కాబట్టి ఏ ఊరికి పంపితే ఆ ఊరు వెళ్ళాలి. వెళ్ళి ఏడాది పైనే అయింది. అక్కడ ఇల్లు తీసుకున్నారు. ప్రతి గదికీ పెద్ద కిటికీ ఉందట. ఫోటోలు పంపుతుంటారు. అన్నీ మనుషులు లేని గదుల ఫోటోలు.

జూన్ 5

ఈ రోజు అత్తయ్య పట్టుకున్నారు. "అసలు రోజంతా అక్కడ ఏం చేస్తావే? ఎవరైనా అడిగితే చెప్పడానికి నాకు నాలుగు ముక్కలు నేర్పు" అన్నారు. జీవితమంతా టెలిఫోన్ ఆపరేటరుగా చేసిన మనిషి. ఎదుటివాళ్ళ మాట నచ్చకపోతే మధ్యలో తీగ పీకేసినట్టు తెంపేస్తారు. అందుకని పొట్టిగా చెప్పాను.

"పెన్సిల్ ముల్లులో ఉండేది గ్రాఫైట్. దాని మీద టేపు అంటించి లాగితే పొరలు ఊడి వస్తాయి. ఊడగా ఊడగా ఒక్క పొర మిగిలితే అది గ్రాఫీన్. ఒక్క అణువు మందం."

"టేపు అంటించి లాగడానికి ఇన్నేళ్ళా?"

"అది ఒక పూట పని అత్తయ్యా. దాన్ని ఇంకో రకం పలక మీద పరుస్తాం. అడుగు నుంచి వోల్టేజి ఇస్తాం. ఆ వోల్టేజిని గేటు అంటాం. గేటు మారుస్తూ పోతే ఒకచోట గ్రాఫీన్‌లో కరెంటు నడవడం బాగా కష్టమవుతుంది. గీత గీస్తే అక్కడ కొండలా లేస్తుంది. మామూలుగా ఆ కొండ సున్నా దగ్గర ఉంటుంది. మా లేజరు వెలుగు పడ్డాక ఇరవై వోల్టుల దగ్గరికి జరుగుతుంది. వెలుగు తీసేసినా అక్కడే ఉండిపోతుంది."

"జరిగితే ఎవరికి లాభం?"

"కరెంటు ఎక్కడ ఎలా నడవాలో వెలుగుతో రాయొచ్చు. నచ్చకపోతే చెరిపి మళ్ళీ రాయొచ్చు."

"అయితే నువ్వు కొండల్ని జరుపుతావు. నువ్వు మాత్రం ఈ ఊర్నుంచి జరగవు" అని అత్తయ్య లేచి వెళ్ళిపోయారు.

ఆవిడ కోపం న్యాయమే. కొడుకుతో వెళ్ళాల్సిన మనిషి. "దీన్నొక్కదాన్నే వదిలేస్తే తిండి మానేసి ఆ చీకటి గదిలోనే పడుంటుంది" అని నాకోసం ఆగిపోయారు. నన్ను ల్యాబ్ పట్టుకుంటే ఆవిణ్ణి నేను పట్టుకున్నాను.

జూన్ 8

పాత శాంపిల్ మీదే మళ్ళీ చేశాను, పత్రిక వాళ్ళు అడిగిన రెండోది ఇంకా తయారవుతోంది. పని వరస ఇక నిద్రలో కూడా వచ్చేస్తుంది. వేడి చేసి పాత గుర్తులన్నీ పోగొట్టిన శాంపిల్‌కి ముందు చీకట్లో ఒక కొలత. కొండ సున్నా దగ్గర. తర్వాత ల్యాంపు వేసి, మైక్రోస్కోపులో చూస్తూ, లేజరు చుక్క సరిగ్గా గ్రాఫీన్ మీద పడేలా అద్దాలు సర్దడం. ల్యాంపు ఆపి లేజరు. లేజరు ఆపి మళ్ళీ కొలత. కొండ ఇరవై.

ఏం చేస్తున్నా గేటు మాత్రం ఆపకూడదు. కొలత లేనప్పుడు దాన్ని ఇరవై మీద కూర్చోబెట్టి ఉంచాలి. గోడ మీద సార్ సొంత దస్తూరీతో కాగితం: "గేటు ఇరవై. ఆపిన చేతులు విరుగుతాయి." నేను చేరకముందు ఎవరో గేటు ఠక్కున ఆపేస్తే ఒక మంచి శాంపిల్ కాలిపోయిందట. అప్పట్నుంచి ఇది శాసనం.

పక్క గది లెక్కలాయన వచ్చి వెళ్ళాడు. సార్ దగ్గరే థీసిస్ చేస్తున్నాడు, కాగితం మీద. మా లేజరు బలం వేసి కడితే అతనికి పంతొమ్మిదిన్నర వస్తోందట. "నీ కొలత తప్పైనా నా లెక్క దానికి సరిపోయేలా ఉంది" అని నవ్వాడు. నేనూ నవ్వాను.

జూన్ 11

జరగలేదు.

అద్దాలు నిన్నటివే చక్కగా కుదిరి ఉన్నాయి. సర్దే పని తప్పింది, పొద్దున్నే లేజరు వేయొచ్చు అనుకున్నాను. వేశాను. కొండ సున్నా దగ్గరే గుడ్లప్పగించి కూర్చుంది. లేజరు బలం తగ్గిందేమో. సార్‌కి చెప్పలేదు. చెప్పేంతది కాదు.

జూన్ 12

అద్దాలన్నీ విప్పి మొదటి నుంచీ సర్దాను. కొండ బుద్ధిగా ఇరవైకి వచ్చింది. అంటే నిన్న నేనే ఏదో సరిగ్గా పెట్టలేదు.

జూన్ 15

మా ఆయన ఫోన్ చేశారు. పనివేళల్లో చేయరు. ఏమైందోనని గేటు పెంచుతూ పెంచుతూ వదిలేసి వరండాలోకి పరుగెత్తాను. లోపల సిగ్నల్ అంతంతమాత్రం, మాట తెగిపోతుంది.

ఏమీ కాలేదట. "వాన పడేలా ఉంది ఇక్కడ. వానలు ముదిరేలోపు వస్తావేమోనని" అన్నారు. అంతే. కోప్పడలేదు. ఈయనకి కోపం రాకపోవడమే నాకు పెద్ద శిక్ష. "వస్తానండీ, ఇంకొక్క కొలత" అన్నాను. ఆ మాట ఎన్నిసార్లు అన్నానో ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. "సరే, జాగ్రత్త" అన్నారు.

కళ్ళు తుడుచుకుని లోపలికొచ్చి ల్యాంపు వేసి, అద్దాలు సర్ది, లేజరు వేసి, కొలిచాను.

కొండ పన్నెండు దగ్గర ఉంది.

గేటు చూశాను. కొలత అయ్యాక అది బయల్దేరిన చోటికే తిరిగి వస్తుంది. ఫోన్ మోగినప్పుడు ఎక్కడ వదిలేశానో అక్కడే ఉంది. పన్నెండు మీద.

జూన్ 16

ఏమీ రాయాలని లేదు.

జూన్ 18

సార్ మీటింగుకి వెళ్ళారు. లేజరుకి మూత పెట్టాను. మూత మీద టేపు కూడా వేశాను, నా మీద నాకే నమ్మకం లేనట్టు. గేటు మైనస్ ఎనిమిది మీద ఉంచాను. ల్యాంపు వేశాను. మైక్రోస్కోపులో శాంపిల్‌ని చూస్తూ కూర్చున్నాను. ల్యాంపు ఆపి కొలిచాను.

మైనస్ ఎనిమిది.

వేడి చేసి సున్నాకి తెచ్చి మళ్ళీ చేశాను. ఈసారి గేటు మూడు మీద. కొండ మూడుకి వచ్చింది. ఎక్కడికి పిలిస్తే అక్కడికి వస్తోంది. తర్వాత గేటు ఇరవై మీద పెట్టి, మూత తీసి, ల్యాంపు వేయకుండా లేజరు ఒక్కటే వేశాను. కదల్లేదు. పదకొండో తారీఖున ఎందుకు జరగలేదో ఇప్పుడు అర్థమైంది. ఆ రోజు సర్దే పని లేక ల్యాంపు వేయలేదు.

లేజరు కాదు. ఎప్పుడూ లేజరు కాదు. ల్యాంపు వెలిగినప్పుడు గేటు ఎక్కడుంటే కొండ అక్కడికొస్తుంది. అడుగునున్న పలకలో చార్జీ ఇరుక్కుని ఉండిపోతోంది, అంతే. మేం గేటుని ఎప్పుడూ ఇరవై మీదే కూర్చోబెట్టాం కాబట్టి ఎప్పుడూ ఇరవైకే వచ్చింది. శాంపిల్ కాలిపోకుండా సార్ పెట్టిన రూలు, చుక్క సరిగ్గా పడాలని నేను వేసే ల్యాంపు, రెండూ కలిసి మాకు ఒక గొప్ప ఫలితాన్ని కనిపెట్టి ఇచ్చాయి. ల్యాంపంటే చూడ్డానికి. దాన్ని ప్రయోగంలో భాగమని ఎవరు అనుకుంటారు?

మూతకి వేసిన టేపు పీకేశాను. గేటు ఇరవై మీదే ఉంచి ఇంటికొచ్చాను.

జూన్ 19

రేపు సార్‌కి చెప్తాను.

జూన్ 20

సార్ రాలేదు.

జూన్ 21

వచ్చారు. ఎవరో వచ్చి ఆయన గదిలో కూర్చున్నారు. వాళ్ళ ముందు చెప్పే విషయం కాదు.

జూన్ 22

ఆలోచిస్తే ఇందులో అబద్ధం ఎక్కడుంది? కొండ జరిగింది, నిజం. వెలుగుతో జరిగింది, నిజం. ల్యాంపుదీ వెలుగే కదా. పేపర్లో ల్యాంపు వేసి అద్దాలు సర్దామని ఒక వాక్యం కూడా ఉంది. కావలసినవాళ్ళు చదువుకోవచ్చు. నేను దాచిందేమీ లేదు.

నేను దాచిందేమీ లేదు.

జూన్ 25

రెండో శాంపిల్ మీద పత్రిక వాళ్ళు అడిగినట్టే చేశాను. గేటు ఇరవై. ల్యాంపు. లేజరు. కొండ ఇరవై. సార్ పక్కనే నిలబడి చూశారు. "నెత్తిన పాలు పోశావమ్మా" అన్నారు. గదిలో ఉన్నది మేమిద్దరమే అయినా ఇంకెవరో నా వెనక నిలబడి చూస్తున్నట్టు అనిపించి తిరిగి చూశాను. నల్ల తెర తప్ప ఏమీ లేదు.

ఆయన కూర్చుని అప్పటికప్పుడే పంపేశారు.

జూలై 3

పేపరు ఒప్పుకున్నారు.

సార్ అందరికీ టీ తెప్పించారు. లెక్కలాయన నన్ను "డాక్టరుగారూ, కాస్త జరుగుతారా" అంటూ ఆట పట్టించాడు. సార్ తన చేతి గ్లాసు నాకిచ్చి ఇంకోటి తీసుకున్నారు. ఎప్పుడూ అలా చేయరు. "థీసిస్ నా బల్ల మీద పెట్టు. ఎనిమిదిన సంతకం పెడతాను. ఆ తర్వాత నువ్వెవరో నేనెవరో" అన్నారు. మంచివాడు. చెడ్డవాడైతే నాకు ఎంత తేలికయ్యేది.

మా ఆయనకి ఫోన్ చేసి చెప్పాను. "పడక గదికి ఏ రంగు వేయించమంటావ్?" అన్నారు. నాకు నోరు పెగల్లేదు. సంతోషం అనుకున్నారు.

జూలై 4

అత్తయ్య సామాన్లు కట్టడం మొదలుపెట్టారు. పాటలు పాడుతున్నారు. ఆవిడ పాడగా నేను వినడం ఇదే మొదలు. గొంతు బాగుంది.

జూలై 6

ముద్ద దిగడం లేదు. అత్తయ్య కంచం చూసి, నన్ను చూసి, "వాడక్కడ, నువ్విక్కడ. నెల తప్పావనుకుందామన్నా వీల్లేదు. మరేంటి నీ బాధ?" అన్నారు.

చెప్పేశాను. ల్యాంపు, గేటు, ఇరవై, పన్నెండు, మైనస్ ఎనిమిది. ఆవిడ మధ్యలో తీగ పీకలేదు.

"చెప్తే ఏమవుతుంది?"

"పేపరు వెనక్కి తీసుకోవాలి. థీసిస్‌లో సగం పోతుంది. మళ్ళీ మొదటికొస్తాను."

"చెప్పకపోతే?"

"నెల తిరిగేసరికి మనం అక్కడ ఉంటాం."

"ఎవరైనా చస్తారా దీనివల్ల?"

"చావరు. ఎక్కడో ఎవరో మా మాట నమ్మి లేజరు కొనుక్కుని, ఇలాంటి గదిలో కూర్చుని, ఎందుకు రావడం లేదని ఏళ్ళ తరబడి జుట్టు పీక్కుంటారు. వాళ్ళకీ ఇళ్ళుంటాయి."

అత్తయ్య మడత పెడుతున్న దుప్పటి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. "నన్ను మాత్రం అడక్కు. నాకు నా కొడుకుని చూడాలని ఉంది. నేను ఏం చెప్పినా అది న్యాయం అవ్వదు" అన్నారు. లేచి దుప్పటి పెట్టెలో పెట్టారు. ఈ రోజు పాడలేదు.

జూలై 8

మొత్తం రాయాలి.

సార్ గదికి వెళ్ళాను. థీసిస్ ఆయన ముందు తెరిచి ఉంది. పెన్ను మూత తీశారు. ఆయన పెన్ను సిరా పెన్ను, ముందు వేరే కాగితం మీద గీసి చూసుకుంటారు. ఆ గీత గీస్తుండగా, "సార్, అది లేజరు కాదు" అన్నాను.

"ఏది?"

"కొండ. ల్యాంపు వల్ల జరుగుతోంది. గేటు ఎక్కడుంటే అక్కడికి."

ఆయన నావంక చూశారు. పెన్ను మూత పెట్టారు. "పద" అన్నారు.

కిందికి దిగాం. లేజరుకి మూత పెట్టమన్నారు. గేటు ఎంత పెట్టాలో తనే చెప్తానన్నారు. "ఐదు." ఐదు పెట్టాను. ల్యాంపు తనే వేశారు, తనే ఆపారు. నేను కొలిచాను. కొండ ఐదు మీదికి వచ్చి నిలబడింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. "పదిహేను పెట్టు" అన్నారు. పదిహేనుకి వచ్చింది. స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"గత నెల నుంచి."

"రెండో శాంపిల్ చేసినప్పుడు తెలుసా?"

"తెలుసు సార్."

తిడతారనుకున్నాను. నిజం రాసుకోవాలంటే, తిట్టాలని కోరుకున్నాను. "నా గదిలోంచి బయటికి పో" అని ఒక్క మాట అంటే చాలు. సంతకం పోయినా, చదువు పోయినా, తలుపు తెరుచుకుంటుంది. ఆ సాయంత్రమే అత్తయ్యని తీసుకుని బస్సెక్కేదాన్ని. ఎవరూ నన్ను తప్పు పట్టేవాళ్ళు కాదు. వెళ్ళగొట్టిన మనిషి వెళ్ళక ఏం చేస్తుంది?

సార్ తిట్టలేదు. పైకెళ్ళి పత్రిక వాళ్ళకి పేపరు వెనక్కి తీసుకుంటున్నామని రాసి, నాకు చదివి వినిపించి, పంపేశారు. నా పేరు ఎత్తకుండా, తప్పు తన పద్ధతిదేనని రాశారు. నాకు భూమిలోకి కూరుకుపోవాలనిపించింది. తర్వాత మళ్ళీ కిందికి వచ్చారు. గోడ మీది కాగితం చింపి, వెనక వైపు తిప్పి, దాని మీద కొండ బొమ్మ గీయడం మొదలుపెట్టారు. గీస్తూ గీస్తూ ఉన్నట్టుండి నవ్వారు.

"చూడు. లేజరు కోసం ఏళ్ళు పోశాం. టేబుల్ మీది ల్యాంపు కొండని పిలిచినచోటికి తెస్తోంది. ఐదంటే ఐదు. సగం శాంపిల్‌కి ఐదు, సగానికి పదిహేను పెడితే?"

"మధ్యలో కరెంటుకి ఒక సరిహద్దు, జంక్షన్ వస్తుంది సార్. తీగలు లేకుండా."

"ఇది నువ్వే చేయాలి. కనిపెట్టిన చేతులే చేయాలి. ఇంకో ఏడాది పొడిగింపు అడుగుతాను. ఇస్తారు. ఏమంటావ్?"

"నేను వెళ్ళాలి సార్." ఈ మాట మెట్ల మీద దిగుతున్నప్పటి నుంచీ నాలుక చివర పెట్టుకుని ఉన్నాను. ఎన్నిసార్లు మనసులో అనుకున్నానో. గోడలు మీదికొచ్చి నొక్కుతున్నట్టున్న ఈ గదిలో ఇంకొక్క రోజు ఉన్నా నాకు పిచ్చెక్కుతుందని కూడా చెబుదామనుకున్నాను. నోరు తెరిచాను.

"ఎరుపు వెలుగుతో కూడా వస్తుందా సార్?" అన్నాను.

సార్ అప్పటికే సొరుగు లాగి ఎరుపు ఫిల్టరు వెతుకుతున్నారు. ల్యాంపు ముందు పెట్టాం. కొండ కదల్లేదు. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. "పలక వినడం లేదు. ఎరుపు చాలదు దానికి" అన్నారు. "ఆకుపచ్చ ఉందా?" అన్నాను. ఉంది. కొంచెం కదిలింది. కొంచెమే.

బయటికి వచ్చేసరికి వాన పడి వెలిసింది. రోడ్డంతా తడిసి ఉంది. నాకు తెలియనే తెలియదు.

జూలై 9

లెక్కలాయనకి కూడా చెప్పాం. మొహం పాలిపోయింది. అతని థీసిస్ కూడా దీని మీదే నిలబడి ఉంది. పొద్దున్నంతా తలుపేసుకున్నాడు. మధ్యాహ్నం వచ్చి, "పన్నెండు కూడా వస్తోంది నా లెక్కలో. ఒక పదం కలపాలి, అంతే" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మా ఆయనకి ఫోన్ చేశాను. రానని చెప్పడానికే చేశాను. సార్ ఏమన్నారో చెప్పాను. పేపరు పోయిందని చెప్పాను. ల్యాంపు గురించి చెప్పాను, ఎరుపుతో రాలేదని చెప్పాను, ఆకుపచ్చతో కొంచెం కదిలిందని చెప్పాను, గేటు ఎక్కడ పెడితే అక్కడికి ఎలా వచ్చి నిలబడుతుందో చెప్పాను. గుక్క తిప్పుకునేసరికి నేను చెప్పాల్సిన మాట చెప్పనే లేదని తెలిసింది.

ఆయన, "మరి నీలంతో వస్తుందా?" అన్నారు.

వెక్కి వెక్కి ఏడ్చాను. నేను వస్తానా రానా అని ఆయన అడగలేదు. నేను నోటితో చెప్పలేకపోయింది ఆయనకి ఎప్పుడో తెలిసిపోయింది. సార్ తిట్టలేదు. ఈయనా తిట్టలేదు. వీళ్ళలో ఒక్కరు నా కాలికి గొలుసు వేసినా విప్పుకుని పోయేదాన్ని. ఎవరూ వేయలేదు.

"గోడలకి రంగు ఆపేయమంటావా?" అన్నారు.

"మీకు నచ్చింది వేయించుకోండి" అన్నాను.

జూలై 12

అత్తయ్య వెళ్ళిపోయారు.

నిన్న పెట్టె రెండుగా సర్దారు. నా బట్టలు తీసి అలమారలో పెట్టారు, తనవి తాళం వేశారు. ఒక్క మాట అనలేదు. ఈ రోజు బస్టాండుకి వెళ్ళేటప్పుడు ఆటోలో నా చెయ్యి పట్టుకుని కూర్చున్నారు. పట్టుకున్నది ప్రేమో కోపమో నాకు తెలియలేదు, గట్టిగానే పట్టుకున్నారు.

ఆవిడకి కిటికీ పక్క సీటు దొరికింది. కింద నిలబడ్డాను. "వేళకి తిను" అన్నారు. "సరే" అన్నాను. "ఇక రమ్మని అడగను. వాణ్ణీ అడగనివ్వను. నువ్వు వచ్చిన రోజు తలుపు తీస్తాను, అంతే" అన్నారు. కళ్ళు తుడుచుకోలేదు. నేనూ ఆవిడ ముందు ఏడవలేదు. బస్సు కదిలాక ఏడవాలని అనుకున్నాను. ఏడవాలి కూడా. నాకోసం ఏడాది పైన ఆగిన మనిషి ఒంటరిగా వెళ్తున్నారు. ఇక ఇంటికి వెళ్తే దీపం వేసి ఉంచేవాళ్ళు లేరు. ఆయనంటే నాకు ప్రాణం. ఇవన్నీ ఒక్కొక్కటే తలుచుకున్నాను, ఏడుపు తెచ్చుకోవడానికి.

నీలం ఫిల్టరు ఇవాళ వస్తుందన్నారు సార్. మధ్యాహ్నమన్నారో, పొద్దున్నే అన్నారో గుర్తులేదు. పొద్దున్నే అయితే ఈపాటికి వచ్చి ఉంటుంది.

బస్సు మలుపు తిరగకముందే నేను వెనక్కి తిరిగి నడుస్తున్నాను. అత్తయ్య కిటికీలోంచి చూసే ఉంటారు.